రాత కన్నడం... పాట తెలుగు
నాయన నోటుపుస్తకం చెప్పిన మా ఇంటి కథ

పొద్దున ఆరున్నరకు డెయిరీలో పాలు పోసి, పక్కనే ఉన్న టీ అంగట్లో పేపరు తీసుకుని ఇంటికొస్తాడు మా నాయన. అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్కటే తిప్పుతాడు. బొమ్మలు చూస్తాడు. టమాటా ధరల దగ్గర ఆగి అంకెలు చూస్తాడు. ఆ తర్వాత పేపరు మడిచి నా ముందర పెట్టి 'ఊ... చదువప్పా' అంటాడు.

చూసేవాళ్లకు ఆయన పేపరంతా చదివేసినట్టే ఉంటుంది. నిజానికి మా నాయనకు తెలుగు చదవడం రాదు.

పుట్టింది మొదలు ఆయన నోట వచ్చేది తెలుగే. ఎద్దును అదిలించేది, అవ్వ పోయిన దినం ఏడ్చింది, మనవరాలిని ముద్దు చేసేది... అన్నీ తెలుగులోనే. నేనేమో తెలుగు పత్రికలో విలేకరిని. నా పేరుతో వచ్చిన వార్తను కన్నతండ్రి నా నోట వినాల్సిందే తప్ప తానుగా చదవలేడు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో రోజూ జరిగే తంతు ఇది. మొదట్లో బేజారుగా ఉండేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. ఒకటి మాత్రం చెప్పాలి. వింటూ వింటూ ఆయన పట్టే తప్పులు మా డెస్కు వాళ్లు కూడా పట్టరు. 'ఆ మాట ఎవరూ అట్ల అనరప్పా' అన్నాడంటే అది మార్చాల్సిందే.

బడి కన్నడం... ఇల్లు తెలుగు

మా ఊరు చింతామణి తాలూకాలో ఉంది. 2007 దాకా కోలారు జిల్లా, ఆ ఏడాది నుంచి చిక్కబళ్లాపుర జిల్లా. బాగేపల్లి, గుడిబండ, శ్రీనివాసపురం, ముళబాగిలు... ఈ చుట్టుపక్కల ఏ సంతలో నిలబడినా బేరం తెలుగులో సాగుతుంది, రసీదు కన్నడంలో వస్తుంది. ఇది మాకు వింత కాదు.

మేము ఎక్కడి నుంచో సరిహద్దు దాటి వచ్చినవాళ్లం కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కూడా మా ఊరు ఉన్నచోటే ఉంది. అంతకుముందు మైసూరు సంస్థానం, ఆపైన మైసూరు రాష్ట్రం, 1973 నుంచి కర్ణాటక. పేర్లు మారినా బడిలో పలక మీద దిద్దించింది కన్నడమే. అదేమీ మాకు తగవు కాదు. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష. పహణీ కాగితం నుంచి పాల లెక్క దాకా అన్నీ అందులోనే.

మా నాయన సరిగ్గా 1956లోనే పుట్టాడు. ఏడో తరగతి దాకా కన్నడంలో చదివాడు. ఆపైన మడక పట్టుకున్నాడు. తెలుగు అక్షరం చెప్పేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. సినిమా పోస్టరు మీద ఉన్న పేరు కూడా బొమ్మను బట్టి పోల్చుకునేదే. అయితే ఆయన తెలుగు రాసుకోకుండా ఊరుకోలేదు. తనకొచ్చిన అక్షరాల్లోనే రాసుకున్నాడు.

ట్రంకు పెట్టెలోని పుస్తకం

ఆ పుస్తకం ఒక లాంగు సైజు నోటు. రెండు వందల పైచిలుకు పేజీలు. అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం అంటించి, పంచె అంచు చింపిన గుడ్డతో కట్టాడు. 1974లో, పద్దెనిమిదేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టాడట. లిపి కన్నడం. మాట తెలుగు.

అందులో జాస్తి భాగం కైవారం తాతయ్య పదాలు. ఈ తట్టు వాళ్లకు తాతయ్య గురించి చెప్పనక్కర్లేదు. దూరాన ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. చింతామణి తాలూకా కైవారంలో గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన నారాయణప్ప, తర్వాత యోగి నారేయణగా పేరుపొందారు. 1726లో పుట్టి 1836లో జీవసమాధి అయ్యారని భక్తులు చెబుతారు. తెలుగులోనూ, కన్నడంలోనూ పదాలు పాడారు. ఆయన తెలుగు పదాల పుస్తకాలు మా దగ్గర కన్నడ లిపిలోనే అచ్చయి దొరుకుతాయి. గురుపున్నమికి కైవారంలో సంగీతోత్సవం జరిగితే ఎక్కడెక్కడి భజన గుంపులో వచ్చి పాడతాయి. మా నాయన గుంపు కూడా పోయేది. తంబూర ఒకరు, తాళాలు ఇద్దరు, కంజీర మా నాయన.

పదాలు అయిపోయాక మా అవ్వ పాటలు. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు పాడేవి, రాగులు విసిరేటప్పుడు పాడేవి, వానదేవుణ్ని తిట్టేవి. అవ్వకు ఏ లిపీ రాదు. రాత్రిపూట ఆమె పాడుతుంటే లాంతరు వెలుతురులో నాయన రాసుకున్నాడు. ఎవరు నేర్పించారో పాట కింద చిన్నగా రాశాడు. 'అమ్మ చెప్పింది', 'పెద్దత్త చెప్పింది', 'గంగజాతరలో విన్నది' అని.

పేజీల పక్కన ఇంటి సంగతులు. ఎర్రావు ఎప్పుడు ఈనింది, పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్లో ఏ ధరకు పోయినాయి, ఎవరికి ఎన్ని దుడ్లు చేబదులు ఇచ్చాం. ఒకచోట '350 అడుగులు - నీళ్లు పడె' అని ఉంది. ముప్పై పేజీల తర్వాత '1,100 అడుగులు - దుమ్ము' అని ఉంది. మధ్యలో ఉన్నవన్నీ పాటలే. మా ప్రాంతం కరువు కథను ఇంత తక్కువ మాటల్లో నేనెప్పుడూ రాయలేకపోయాను.

రెండు చందమామలు

నాకు తెలుగు అక్షరాలు ఎట్లా వచ్చాయని చాలామంది అడుగుతారు. బడిలో రాలేదు. చందమామ నేర్పించింది.

మదనపల్లెలో మా మేనత్త ఇల్లు. ఎండాకాలం సెలవులకు పోతే అక్కడ పాత తెలుగు చందమామలు దొంతర ఉండేది. మా ఊరి పక్క పంచాయతీ లైబ్రరీలో కన్నడ చందమామ వచ్చేది. తెలుగులో 1947 జులైలో మొదలైన ఆ పత్రిక తర్వాత కన్నడంలోనూ వచ్చింది. ఒకే కథ, ఒకే బొమ్మ, రెండు లిపులు. భుజాన శవం వేసుకుని నడిచే విక్రమార్కుడు రెండింట్లోనూ ఒకడే. పదకొండేళ్ల వయసులో రెండు పుస్తకాలు పక్కపక్కన పరుచుకుని, ఈ అక్షరం ఇదీ, ఆ అక్షరం అదీ అని పోల్చుకున్నాను.

పెద్ద కష్టం కాలేదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కొన్ని వందల ఏళ్ల కిందటి శాసనాలు చూస్తే ఏది ఏదో విడదీసి చెప్పలేం. తలకట్టు ఒకటి వేరుగా ఉంటుంది, నాలుగైదు అక్షరాలు మొండికేస్తాయి. మిగతావన్నీ చెప్పినమాట వింటాయి. ఒక ఎండాకాలంలో చదవడం వచ్చింది. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. మా అమ్మాయికి అట్లా నేర్పిద్దామంటే పక్కపక్కన పరుచుకునేందుకు రెండు పుస్తకాలు లేవు.

చెదలు ముందుకొచ్చాయి

నిరుడు వానలకు మా పాత ఇంటి మిద్దె కారింది. ట్రంకు పెట్టె కింద నెమ్ము చేరింది. తీసి చూస్తే నోటుపుస్తకం వెనకవైపు చెదలు పట్టి పదిహేను పేజీల దాకా జల్లెడ అయిపోయినాయి. నాయన ఏమీ అనలేదు. ఎండలో పెట్టి ఒక్కొక్క పేజీ విడదీస్తూ కూర్చున్నాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది కావాలి. తన రాత తనకే కనబడటం లేదు. వేలితో తడిమి 'ఇది ఏ పాట?' అని అడిగాడు.

ఆ రాత్రే అనుకున్నాను, దీన్ని తెలుగు లిపిలోకి ఎత్తి రాయాలని. పన్నెండేళ్లుగా ఊరూరా తిరిగి అందరి ముచ్చట్లూ రాశాను. మా ట్రంకు పెట్టె తెరవాలని ఒక్కనాడూ తోచలేదు.

ఆదివారం సాయంత్రాలు పని పెట్టుకున్నాం. అది అనపకాయల కాలం. ఇల్లంతా అనపకాయల వాసన. నానబెట్టిన గింజలు జల్లెడ నిండా పెట్టుకుని అందరం చుట్టూ కూర్చుంటాం. రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టు చేతిలో ఉండి పప్పు గిన్నెలో పడాలి. పితికిపప్పు చారు, సంగటి ముద్ద... ఆ రుచి కోసం గంటసేపు వేళ్లు నొప్పి పెట్టినా సరే. మునుపు ఈ పని చేసేటప్పుడే అవ్వ పాడేది. ఇప్పుడు అమ్మ, నా భార్య పితుకుతారు. మా అమ్మాయి నోటుపుస్తకం చదువుతుంది. నేను రాసుకుంటాను. నాయన వింటాడు.

మా అమ్మాయి ఆరో తరగతి. ఇంగ్లిష్ మీడియం, కన్నడం ఒక సబ్జెక్టు. తాత పుస్తకం చదవగలదు, నాన్న పేపరు చదవలేదు. ఇది కూడా మా ఇంటి విచిత్రమే.

'చాప' దగ్గర నవ్వు

మొదటిరోజే ఒకచోట ఆగిపోయింది. 'చాప' అన్న మాటను బడిలో కన్నడం చదివినట్టు 'చ్యాప' అన్నట్టుగా చదివింది. నాయన పకపకా నవ్వాడు. 'అది చ్యాప కాదు తల్లీ, నువ్వు కూర్చునుండావే, ఆ చాప' అన్నాడు. కింద చూసుకుని అదీ నవ్వింది. రోజూ నోటితో సరిగ్గా అనే మాటే. అక్షరాల్లో కనబడేసరికి పోల్చుకోలేకపోయింది.

తెలుగులో 'చాప'లోని చ వేరు, 'చిలుక'లోని చ వేరు. 'జల్లెడ' జ వేరు, 'జీలకర్ర' జ వేరు. రాయడానికి మాత్రం ఒక్కటే అక్షరం. ఇది ఏ పుస్తకంలో చూసినా తెలియదు, ఇంట్లో విన్నవాళ్లకే తెలుస్తుంది. తమిళనాడు పాఠకులకు ఈ తిప్పలు ఇంకా బాగా తెలుసు. త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో అచ్చు వేసేటప్పుడు క, గ తేడా చూపడానికి అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. మాకు ఆ ఇబ్బంది లేదు. అయినా లిపి ఎంత దగ్గరిదైనా కొంత మాట చెవిలోనే మిగిలిపోతుంది.

నేను దిద్దాను... నాయన అలిగాడు

తప్పు చేసింది మాత్రం మా అమ్మాయి కాదు, నేనే.

అవ్వ విసుర్రాయి పాట ఒకటి రాసుకుంటూ, విలేకరి బుద్ధి పోనిచ్చుకోక, మాటలు దిద్దుతూ పోయాను. 'యాడికి' ఉన్నచోట 'ఎక్కడికి' అని పెట్టాను. 'దుడ్లు' డబ్బులయ్యాయి. 'కూడు' అన్నమైంది. రేపు ఎవరైనా చదివితే మనల్ని మోటువాళ్లు అనుకోకూడదు కదా అని. పాట పూర్తయ్యాక నాయనకు చదివి వినిపించాను.

ఆయన మోకాలి మీద చెయ్యి తడుతూ విన్నాడు. రెండో చరణానికే చెయ్యి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు. మళ్లీ అక్కడే ఆగింది.

'ఇది మా అమ్మ పాట కాదు' అన్నాడు. 'ఇది మీ పేపరు పాట. రాయి తిరగదు దీనికి.'

లేచి పశువుల కొట్టంలోకి పోయాడు. ఆ రాత్రి సంగటి కూడా సగమే తిన్నాడు.

నేను పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'యాడికి' అంటే నాలుగు మాత్రలు. 'ఎక్కడికి' అంటే ఐదు. 'దుడ్లు' మూడు, 'డబ్బులు' నాలుగు. 'కూడు' మూడు, 'అన్నం' నాలుగు. నేను దిద్దిన ప్రతి మాటకూ ఒక మాత్ర పెరిగింది. విసుర్రాయి ఒక చుట్టు తిరిగేలోపు ముగియాల్సిన మాట ముగియడం లేదు. బీఏలో ఛందస్సు చదివినవాణ్ని నాకు తట్టలేదు. ఏడో తరగతి చదివిన ఆయన చేతికి తెలిసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసివచ్చింది. మమ్మల్ని మోటువాళ్లు అంటారేమోనని భయపడింది ఎవరి గురించి? మదనపల్లె వాళ్లు 'యాడికి' అనే అంటారు. అనంతపురం వాళ్లూ అంతే. ఎవరూ అనకముందే నేనే మా అవ్వను మోటు అన్నాను.

మర్నాడు ఆ పేజీ చింపి, పుస్తకంలో ఎట్లుంటే అట్లే రాశాను. సాయంత్రం చదివి వినిపిస్తే నాయన చెయ్యి చివరిదాకా ఆగలేదు. 'ఇప్పుడు సరిపాయె' అని ఒక్క మాట అన్నాడు.

అత్త ఫోనులో దొరికిన సగం పాట

చెదలు తిన్న పేజీల్లో నలుగు పాట ఒకటి ఉంది. పైసగం మిగిలింది, కిందిసగం లేదు. నాయనకు రాగం గుర్తుంది, మాటలు రావడం లేదు. రెండు ఆదివారాలు ప్రయత్నించి చాలించుకున్నాడు. అమ్మకు రెండు ముక్కలే గుర్తున్నాయి.

చివరకు మదనపల్లె మేనత్తకు ఫోన్ చేశాను. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్లు రావడం లేదు గానీ గొంతు గట్టిది. స్పీకరు పెట్టి విషయం చెబితే, 'ఇప్పుడా? పొయ్యి మీద పాలుండాయి రా' అంది. రెండు నిమిషాలకు తనే చేసి పాట ఎత్తుకుంది. అన్న ఇక్కడ, చెల్లెలు... కాదు, అక్క అక్కడ. తమ్ముడు ఇక్కడ చాప మీద కూర్చుని కంజీర లేకపోతే గిన్నె వాయించాడు. ఎన్నో ఏళ్లుగా ఫోనులో వాళ్ల మాటలు ఆరోగ్యం, వానలు, పెళ్లిళ్లు, చావులు... ఇంతే. పాట ఒక్కనాడూ పాడుకోలేదు.

ఆమె పాడింది పుస్తకంలో ఉన్నదానికి సరిగ్గా అతకలేదు. కొన్ని మాటలు వేరు. పెళ్లికూతురి పుట్టింటి వాళ్లు పాడేది ఒకటి, అత్తింటి వాళ్లు పాడేది ఒకటి అని ఆమె వాదన. 'నేను ఆ ఇంట్లో యాభై ఐదేండ్లు ఉండాను కదా, వాళ్ల పాట కలిసిపోయుంటాది' అని నవ్వింది. ఏది సరైనదో తేల్చలేదు. రెండూ రాసుకున్నాం. కింద నాయన పద్ధతిలోనే 'అత్త చెప్పింది, ఫోనులో' అని రాశాను.

మూడు తరాలు... మూడు లిపులు

మా అమ్మాయి మదనపల్లె పిల్లలతో ఫోనులో ముచ్చట్లు పెట్టుకుంటుంది. తెలుగు మాటలే, ఇంగ్లిష్ అక్షరాలు. చూసినప్పుడల్లా కోప్పడేవాణ్ని. ఇప్పుడు కోప్పడటం మానేశాను. దాని తాత చేసింది కూడా ఇదే కదా. చేతికొచ్చిన అక్షరంతో ఇంటి మాట రాసుకున్నాడు. ఆయన రాసుకోకపోతే ఈ రోజు ఎత్తి రాయడానికి నాకు ఏముండేది?

అట్లని నిశ్చింతగా లేను. తాతకు లిపి రాకపోయినా పాట ఉంది. నాకు లిపి ఉంది, పాట రాదు. దానికి పాటా రాకుండా, లిపీ రాకుండా పోతే మిగిలేదేమిటన్నది నన్ను రాత్రిళ్లు తొలిచే ప్రశ్న. అందుకే వారానికి ఐదు అక్షరాల చొప్పున నేర్పిస్తున్నాను. ఇప్పటికి తన పేరు, తాత పేరు రాస్తుంది. అప్పుడప్పుడు తలకట్టు మరిచిపోతుంది.

సరిహద్దుకు ఇవతల ఉన్న మన ఇళ్లలో ఇట్లాంటి పుస్తకాలు ఇంకా ఉండే ఉంటాయి. హోసూరులో తమిళ అక్షరాల్లోనో, బరంపురంలో ఒడియా అక్షరాల్లోనో, షోలాపూరులో మరాఠీ అక్షరాల్లోనో. మీ ఇంట్లో ఉంటే ఈ వారమే ఒకసారి తీసి చూడండి. ఎత్తి రాసేటప్పుడు మాట దిద్దకండి. ఎవరు చెప్పారో కింద రాయండి. పాడేవాళ్లు ఉండగానే ఫోనులో రికార్డు చేసుకోండి. రాగాన్ని ఏ లిపిలోనూ రాయలేం.

మా పని ఇంకా అయిపోలేదు. నలభై పేజీల దాకా ఉన్నాయి. మొన్న ఆదివారం తెలుగు ప్రతి నాయన చేతికి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, 'బాగుంది, నీది నువ్వు పెట్టుకో' అని తిరిగి ఇచ్చేశాడు. ఆపైన తన పాత పుస్తకం తీసి చెదలు తిన్న పేజీల వెనక కొత్త కాగితాలు పెట్టి కుట్టించాడు. మనవరాలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

'అత్త చెప్పిన పాట దీంట్లో రాయి తల్లీ. నాకొచ్చిన అక్షరాల్లో రాయి. కన్ను బాగైనాక చదువుకుంటా' అన్నాడు.

అది బడిలో నేర్చిన గుండ్రటి కన్నడంలో రాయడం మొదలుపెట్టింది. మొదటి వరుసలోనే 'యాడికి' వచ్చింది. దిద్దకుండా అట్లే రాసింది.